పసిబిడ్డల మెదడు శస్త్రచికిత్స – మత్తువైద్యుని కావలి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



బిడ్డకు శస్త్రచికిత్స అవసరమని వైద్యుడు చెప్పినప్పుడు ఇంటిల్లిపాదికిని మొదట పుట్టు భయము కత్తిని గూర్చినది కాదు, మత్తును గూర్చినది. మత్తిచ్చిన బిడ్డ మరల కన్ను తెరచునా యని తల్లి అడుగును. పాలు మరువని పసికందుకు మత్తేమిటి నాయనా యని ముసలమ్మ అడ్డము వచ్చును. చికిత్స మెదడునకని తెలిసినచో ఆ భయము రెండింతలగును. తలలో నీరు చేరి శిరస్సు నానాటికి పెరుగుచున్న బిడ్డను నెలల తరబడి ఇంటనే యుంచుకొని, తాయెత్తులు గట్టి, దిష్టి తీసి, చూపు మందగించిన పిదప ఆసుపత్రికి కొనిపోవువారు నేటికిని కలరు. వారందరును చదువురానివారు కారు. బిడ్డపై ప్రేమ లేనివారు అసలే కారు. మత్తును గూర్చిన భయమే వారిని వెనుకకు లాగుచున్నది.

ఆ భయమును మూఢత్వమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఒకప్పుడు దానికి తగిన కారణముండెను. ఆ కారణము ఎవరెవరి శ్రమచేత తొలగుచు వచ్చినదో, ఇంకను మిగిలియున్నదేదో, అందులో తల్లిదండ్రుల చేతిలో నున్నదెంతయో తెలిసికొనుటయే ఈ ఉపన్యాసమునకు విషయము.

మత్తు నిద్ర కాదు. నిద్రించువానిని సూదితో గ్రుచ్చినచో లేచును. గొంతులోనికి ఉమ్మి జారినచో దగ్గును. ఊపిరి తనంతట తానే ఆడుచుండును. గాఢమైన మత్తులో ఈ కాపుదలలు పోవును. నొప్పి తెలియకపోవుటతోపాటు, గొంతు తన్ను తాను రక్షించుకొనలేదు, ఊపిరి మందగించును, లేక ఆగును, రక్తపుపోటు పడిపోవును. అనగా ఆ కొన్ని గంటలును బిడ్డ శరీరము తనకై తాను చేసికొనవలసిన పనులను మరియొకరు చేయవలసియుండును. ఆ మరియొకరే మత్తువైద్యుడు. మందు పీల్పించి ప్రక్కకు తొలగిపోవువాడని కొందరనుకొందురు. మందిచ్చుట ఆయన పనిలో చిన్న భాగము. కడవరకును కావలి కాచుటయే పెద్ద భాగము.

ఇందులో నొక వింత కలదు. మెదడునకు నొప్పి తెలియదు. నొప్పి తెలియునది నెత్తిచర్మమునకు, ఎముకపై పొరకు, మెదడును గప్పియుండు గట్టిపొరకు మాత్రమే. అందుచేత పెద్దవారిలో కొందరికి చర్మమునకు తిమ్మిరిమందు వేసి, వారు మేలుకొని మాటలాడుచుండగనే మెదడుపై చికిత్స చేయుట గలదు. పసిబిడ్డను అట్లు కదలకుండ పరుండబెట్టుట ఎవరి తరమును గాదు. కావున పూర్తి మత్తు తప్పదు.

1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన, అమెరికాలోని బోస్టను నగరమున, మార్టన్ అను దంతవైద్యుడు ఈథరు ఆవిరి పీల్పించి, ఒక రోగికి శస్త్రచికిత్స నొప్పి తెలియకుండ చేసెను. మరుసటి యేడు నవంబరులో ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. అది ఈథరు కంటె తియ్యని వాసన గలది, త్వరగా పనిచేయునది, గుడ్డపై కొన్ని చుక్కలు పోసి ముక్కుకడ నుంచినచో చాలును. లోకము సంతోషించెను. ఆ సంతోషమునకు మూడు నెలలైన నిండలేదు. 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర, హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొద్ది నిముషములలో ప్రాణము విడిచెను. ప్రాణాపాయమైన వ్యాధి కాదు, మెదడు కాదు, గుండె కాదు, కాలిగోరు! తల్లుల భయమునకు మొదటి సాక్ష్యము ఆ బాలికయే.

లండనులో జాన్ స్నో అను వైద్యుడు ఇట్టి మరణములను శ్రద్ధతో పరిశీలించెను. కలరా నీటివలన వ్యాపించునని వాదించి, 1854లో ఒక వీధి నీటిపంపు పిడిని తీయించినవాడు ఈయనయే. గుడ్డపై అందాజుగా చుక్కలు పోయుట ప్రమాదకరమనియు, గాలిలో ఆవిరి ఎంత కలియుచున్నదో కొలిచి యీయవలెననియు ఆయన పట్టుబట్టెను. ఏడాది నిండని బిడ్డలకు సైతము మత్తిచ్చి, పిల్లలు పెద్దలకంటె త్వరగా మత్తులోనికి జారుదురు, త్వరగా తేరుకొందురు అని వ్రాసెను. పిల్లల ఊపిరియు రక్తప్రసారమును పెద్దలకంటె వేగముగా సాగుటయే దానికి కారణమనెను. పసిబిడ్డ పెద్దమనిషి యొక్క చిన్న ప్రతిమ కాదు, వాని శరీరము నడుచు తీరే వేరు అను మాటకు ఇది మొదలు.

ఇచ్చట మన హైదరాబాదు నగరము కథలోనికి వచ్చుచున్నది. క్లోరోఫారము చంపునది ఊపిరిని ఆపియా, గుండెను ఆపియా యను వివాదము ఆ కాలమున తీవ్రముగా నుండెను. హైదరాబాదు వైద్యపాఠశాలకు పెద్దయైన ఎడ్వర్డు లారీ 1888లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రాపున ఒక పరిశోధక సంఘమును నడపెను. ఊపిరియే ముందు ఆగునని అది తేల్చెను. లండనులోని లాన్సెట్ అను వైద్యపత్రిక ఒప్పుకొనలేదు. అంతట నిజాము వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక పంపిన లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని హైదరాబాదునకు రప్పించెను. 1889లో రెండవ సంఘము వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి మొదటి నిర్ణయమునే బలపరచెను: ఊపిరిని కనిపెట్టియున్నచో చాలును, నాడి చూడ నక్కరలేదు.

ఈ నిర్ణయములో సగము సత్యము, సగము పొరపాటు. ఊపిరిని విడువక కనిపెట్టవలెననుట సత్యము. నాడి చూడ నక్కరలేదనుట పొరపాటు. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, క్లోరోఫారము తేలికగా నున్నప్పుడు సైతము గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోవచ్చునని పిల్లులపై చేసిన పరీక్షలలో నిరూపించెను. ఐనను, మత్తువలన మనుష్యులు ఎందుకు చచ్చుచున్నారో తెలిసికొనుటకు ఒక సంస్థానాధీశుడు ధనము వెచ్చించి, సముద్రముల కావలినుండి పండితులను పిలిపించుట సామాన్య విషయము కాదు. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారమిచ్చుటలో నేర్పు సంపాదించెను. లోకమున మొదటి మహిళా మత్తువైద్యులలో ఆమె పేరు చెప్పబడుచున్నది. హైదరాబాదునకు పోయి చార్మినారు చూచి వచ్చువారికి ఈ సంగతి చెప్పువారు తక్కువ.

ఊపిరిని, నాడిని రెండింటిని గమనించి వ్రాసినవారిలో నొకడు మెదడు శస్త్రవైద్యుడగుట గమనింపదగినది. ఆయన పేరు హార్వీ కుషింగ్. 1893లో, ఇంకను విద్యార్థిగా నున్నప్పుడు, బోస్టనులో ఒక రోగికి ఈథరిమ్మని ఆయనను పిలిచిరి. ఆనాడు మత్తిచ్చుట నేర్పుతో పనిలేని పనిగా నెంచబడుచుండెను, విద్యార్థులకు అప్పగించుచుండిరి. రోగి బల్లపైననే మరణించెను. ఇట్టివి జరుగుచుండునని పెద్దలు సమాధానము చెప్పిరి. కుషింగ్ మనస్సు సమాధానపడలేదు. వైద్యవిద్యయే మానివేయుదునా యనునంతగా ఆయన క్రుంగిపోయెను. పిదప తన సహపాఠి కాడ్మనుతో కలిసి ఒక చిన్న పని మొదలిడెను. మత్తులోనున్న రోగి నాడి ఎంత, ఊపిరి ఎంత యని కొద్ది నిముషముల కొకసారి కాగితముపై చుక్కలు పెట్టి, గీతలు కలిపిరి. నేడు లోకములోని ప్రతి శస్త్రచికిత్స గదిలోను వ్రాయబడు మత్తుపట్టికకు మూలము ఆ యిద్దరు విద్యార్థుల కాగితమే. 1901లో ఇటలీలోని పావియా నగరమున రక్తపుపోటు కొలుచు పట్టీని చూచి, కుషింగ్ దానిని అమెరికాకు తెచ్చెను.

పుర్రెలో ఒత్తిడి పెరిగినప్పుడు రక్తపుపోటు హెచ్చి, నాడి నెమ్మదించి, ఊపిరి క్రమము తప్పునని ఆయన చూపెను. ఈ మూడు గుర్తులును నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నవి. మెదడు విప్పియున్న రోగి గుండెచప్పుడును ఎడతెగక వినుచుండుటకై, ఆయనకు మత్తిచ్చు వైద్యుడైన గ్రిఫిత్ డేవిస్ రోగి రొమ్మునకు స్టెతస్కోపును అంటించి, దాని గొట్టమును తన చెవికి తగిలించుకొని కూర్చుండెడివాడు. కుషింగ్ 1908లో ఈ సంగతి ప్రకటించెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట బోస్టనులో పిల్లల మత్తువైద్యుడు రాబర్టు స్మిత్ అదే పద్ధతిని పసిబిడ్డల కందరికిని అలవాటు చేసెను. ఏ విద్యుద్యంత్రమును లేని ఆ రబ్బరుగొట్టము ఎన్ని ప్రాణములు కాచినదో లెక్కపెట్టువారు లేరు.

ఇంతవరకు చెప్పినది సాధారణముగా రోగులను గూర్చి. పసిబిడ్డలకు ప్రత్యేకమైన మేలు చేసినవాడు ఫిలిప్ ఎయిర్. ఆయన పనిచేసినది హన్నా గ్రీనర్ మరణించిన న్యూకాసిల్ ప్రాంతముననే. ఆయన తానే చీలిన పెదవితో, చీలిన అంగిటితో పుట్టినవాడు. పసితనపు శస్త్రచికిత్స ఎట్టిదో ఆయన శరీరమునకు తెలియును. ఆ దినములలో మత్తు యంత్రములు పెద్దవారి కొరకు చేయబడినవి. వాటి కవాటములను తన చిన్ని ఊపిరితో త్రోసి తెరచుటకు పసిబిడ్డ శ్రమపడవలసివచ్చెడిది. విడిచిన గాలినే మరల పీల్చవలసివచ్చెడిది. ఒంటిలో బొగ్గుపులుసు గాలి పేరుకొనెడిది. ఎయిర్ 1937లో టీ అను ఇంగ్లీషు అక్షరము ఆకారముగల చిన్న గొట్టమును చేసెను. ఒక కొమ్మనుండి మందుగాలి వచ్చును, ఒక కొమ్మ బిడ్డ గొంతులోని గొట్టమునకు చేరును, మూడవ కొమ్మ బయటికి తెరచియుండును. కవాటము లేదు, తిత్తి లేదు, చెడుటకు ఏమియు లేదు. దానిని ఆయన పెదవి చీలిన బిడ్డలకే గాక మెదడు శస్త్రచికిత్సలకును వాడెను. 1950లో లివర్‌పూలునందు జాక్సన్ రీస్ దాని తెరచిన కొమ్మకు కొన తెగిన చిన్న రబ్బరు తిత్తిని చేర్చెను. మత్తువైద్యుని అరచేతిలో ఆ తిత్తి ఉబ్బుచు తగ్గుచు నుండగా, బిడ్డ ఊపిరి ఆయన చేతికి తెలియుచుండును. నేటి పిల్లల ఆసుపత్రులలోను ఈ సాధనము కానవచ్చును.

మెదడు చికిత్సకు బొగ్గుపులుసు గాలితో నేమి పని యని అడుగవచ్చును. ఇదియే అసలు కీలకము. పుర్రె ఒక కుండ వంటిది. దానిలో మెదడు, రక్తము, నీరు ఈ మూడును ఇమిడియుండవలెను. ఒకటి పెరిగినచో మిగిలినవి తగ్గవలెను. తగ్గుటకు చోటు లేనప్పుడు మెదడు నలిగిపోవును. ఒంటిలో బొగ్గుపులుసు గాలి పెరిగినచో మెదడులోని రక్తనాళములు వెడల్పై రక్తము నిండును. మెదడు ఉబ్బి శస్త్రవైద్యుని కత్తిక్రిందికి పొంగివచ్చును. ఆ గాలిని మితిమీరి తగ్గించినచో నాళములు ముడుచుకొని మెదడునకు రక్తము చాలదు. పసిబిడ్డ మాడుపై మెత్తగా కొట్టుకొను చోటు ఉన్నది గదా, అది దారి యీయదా యనిన, నెలల తరబడి పెరుగు ఒత్తిడికి ఇచ్చును. అందుచేతనే తల పెద్దదగును. నిముషములలో వచ్చు ఒత్తిడికి ఈయలేదు. ఏడ్పు, దగ్గు, ముక్కుట కూడ ఆ ఒత్తిడిని పెంచును. కావున మత్తిచ్చు వేళ బిడ్డను బెదరింపక, ఏడిపింపక, కొన్ని ఆసుపత్రులలో తల్లియొడినుండియే మత్తులోనికి జారనిచ్చుట కేవలము దయకాదు, వైద్యము కూడ.

ఇక రక్తము. మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఒంటిలోనున్న రక్తమంతయు సుమారు 250 మిల్లీలీటర్లు. ఒక మంచినీళ్ల గ్లాసెడు. అందులో 25 మిల్లీలీటర్లు పోవుట పెద్దవానికి అర లీటరు పోవుటతో సమానము. నెత్తిచర్మము కోసినప్పుడు, పుర్రె ఎముక తీసినప్పుడు, రెండు మూడు గుడ్డలు తడియుటలో ఆ మాత్రము రక్తము తెలియకుండ పోవును. అందుచేత తడిసిన గుడ్డలను తూచి చూతురు. సరిపోవు రక్తమును ముందే సిద్ధపరచి యుంచుదురు. బంధువులను రక్తమిమ్మని అడిగినప్పుడు ఊరివారు ముఖము చాటువేయుట కూడదు. ఆ గ్లాసెడు లెక్కను తలచుకొనవలెను.

పసిబిడ్డ తన బరువు కిలో యొక్కింటికి పెద్దవానికంటె రెట్టింపు ప్రాణవాయువును ఖర్చు చేయును. ఊపిరి ఆగినచో పెద్దవాడు కొన్ని నిముషములు తట్టుకొనును. పసివాడు ఒకటి రెండు నిముషములలోనే నీలబారును. ఊపిరి గొట్టమా, మూడు వేళ్ల వెడల్పంత పొడవు. గొంతులో అమర్చిన గొట్టము, గడ్డము క్రిందికి వంగినచో లోపలికి జరిగి ఒక ఊపిరితిత్తికే గాలి నిచ్చును. తల వెనుకకు వాలినచో బయటికి జారును. చికిత్స జరుగునది తలపైననే. తలను గుడ్డలతో కప్పివేసిన పిదప మత్తువైద్యునికి బిడ్డ ముఖము కానరాదు. కావున గొట్టమును అతికించుటలో, తల నిలుపుటలో ఎంత కాలము పట్టినను తొందరపడరాదు. అనుభవముగల వైద్యుడు ఈ అమరికకే చాలసేపు వెచ్చించును. బయట కూర్చున్న తండ్రికి ఇంకను మొదలుకాలేదా యని విసుగు గలుగును.

వేడిమి మరియొకటి. పసివాని ఒంటిలో తల భాగము పెద్దది. పెద్దవానికి తల ఒంటి చర్మములో నూటికి తొమ్మిది పాళ్లైనచో, పసివానికి సుమారు పదునెనిమిది పాళ్లు. ఆ తలనే విప్పి, తడిపి, గంటల తరబడి ఉంచవలసియుండును. బిడ్డకు వణకి వేడి పుట్టించుకొను శక్తి లేదు. కావున గదిని వెచ్చగా నుంచి, వెచ్చని గాలి పరుపులపై పరుండబెట్టి, ఎక్కించు నీటిని కాచి వాడుదురు. ఆ నీటి విషయమునను పూర్వపు అలవాటు మారినది. ఉప్పు తక్కువ, చక్కెర ఎక్కువ గల నీరు మెదడును ఉబ్బించునని తెలిసిన పిదప, రక్తముతో సమానమైన ఉప్పుగల నీటినే వాడుచున్నారు. బిడ్డ రక్తములోని చక్కెరను మధ్య మధ్య పరీక్షించి, తక్కువైనప్పుడే చేర్చుదురు. తల గుండెకంటె ఎత్తుగా నున్నప్పుడు తెగిన సిరలలోనికి గాలి బుడగ దూరి గుండెకు చేరవచ్చును. దానిని కనిపెట్టుటకు రొమ్ముపై శబ్దయంత్ర ముంచుదురు. బిడ్డ విడుచు గాలిలో బొగ్గుపులుసు గాలి హఠాత్తుగా తగ్గినను అది హెచ్చరికయే.

వేలికి తగిలించు ఎఱ్ఱదీపపు చిమ్మటను ఆసుపత్రిలో అందరును చూచియుందురు. రక్తములో ప్రాణవాయువు ఎంత యున్నదో సూది గ్రుచ్చకుండ చెప్పు ఈ యంత్రమునకు మూలసూత్రమును 1974లో ప్రకటించినవాడు జపానుకు చెందిన తకువో అయొయాగి. బిడ్డ నీలబారుట కంటికి కనబడుటకు ముందే అది మ్రోగును.

యంత్రములు పెరిగినవి గాని, ఒక పెద్ద అజ్ఞానము చాలకాలము నిలిచినది. అప్పుడే పుట్టిన బిడ్డకు నొప్పి సరిగా తెలియదనియు, తెలిసినను జ్ఞాపకముండదనియు పెక్కు వైద్యులు నమ్మిరి. బలహీనమైన బిడ్డ గాఢమైన మత్తును తట్టుకొనలేదను భయము కూడ దానికి తోడయ్యెను. అందుచేత కదలకుండ చేయు మందిచ్చి, నొప్పి తీయు మందు స్వల్పముగా ఇచ్చి, లేక ఇవ్వకయే చికిత్సలు చేసిన సందర్భములు గలవు. ఇండోరులో వైద్యవిద్య ముగించి ఆక్స్‌ఫర్డుకు పోయిన కన్వల్‌జీత్ ఆనంద్ అను భారతీయ యువకుడు 1987లో తన సహచరులతో గూడి, నెలలు నిండక పుట్టి గుండె దగ్గరి చికిత్స జరిగిన బిడ్డలను పరీక్షించెను. బలమైన నొప్పిమందు పొందని బిడ్డల రక్తములో బాధను తెలుపు రసములు హెచ్చుగా పొంగినవి. చికిత్స తరువాత చిక్కులును వారికే ఎక్కువ కలిగినవి. పసిబిడ్డ చెప్పలేడు, అంతమాత్రమున తెలియదని కాదు. ఏ తల్లిని అడిగినను చెప్పియుండెడి మాట ఇది. వైద్యశాస్త్రము రక్తపరీక్షతో గాని ఒప్పుకొనలేదు. నేడు పూర్తి మత్తుతోపాటు నెత్తిచర్మపు నరములకు తిమ్మిరిమందు కూడ వేయుదురు. దానివలన మేల్కొన్న తరువాతను కొన్ని గంటలు నొప్పి తక్కువగా నుండును.

మన దేశమున మెదడు శస్త్రచికిత్సకు 1949లో రాయవేలూరునందు జాకబ్ చాండీ, 1950లో మద్రాసునందు రామమూర్తి ప్రత్యేక శాఖలు నెలకొల్పిరి. తెలుగు పల్లెలనుండి రైలెక్కి ఆ రెండు ఊళ్లకు బిడ్డల నెత్తుకొని పోయినవారి సంగతి పెద్దలకు జ్ఞాపకముండవచ్చును. నేడు అంత దూరము పోవలసిన పని చాలమందికి లేదు.

మరియొక ప్రశ్న చదువుకొన్న తల్లిదండ్రులు అడుగుచుందురు: మత్తువలన బిడ్డ తెలివి తగ్గునా? 2016లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ, మూడేండ్లలోపు బిడ్డలకు మూడు గంటలకు మించిన మత్తు గాని, పలుమారులు మత్తు గాని మెదడు పెరుగుదలపై ప్రభావము చూపవచ్చునని హెచ్చరిక చేసెను. దానికి ఆధారము ముఖ్యముగా జంతువులపై చేసిన పరీక్షలు. మరియొక వైపున, ఏడు దేశములలో 722 మంది పసిబిడ్డలపై జరిగిన పరిశీలన 2019లో వెలువడెను. వరిబీజము వంటి చికిత్సకు సుమారు ఒక గంట పూర్తి మత్తు పొందిన బిడ్డలకును, మేలుకొనియుండగా నడుము మత్తు పొందిన బిడ్డలకును ఐదేండ్ల వయస్సున తెలివిలో భేదము కనబడలేదు. మెదడు చికిత్స గంటలో ముగియక పోవచ్చును. కాని తలలో నీటి ఒత్తిడిని, గడ్డను అట్లే వదలినచో కలుగు నష్టము కంటికి ఎదుట కనబడునది. వాయిదా వేయదగిన చికిత్సను వాయిదా వేయవచ్చును. ఇది అట్టిది కాదు.

ఇక ఇంటివారి చేతిలో నున్న పని. అందులో మొదటిది కడుపు ఖాళీగా నుంచుట. మత్తులో గొంతు కాపుదల పోవునని ముందే చెప్పబడినది. కడుపులోని పాలు పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి దిగినచో ప్రాణాపాయము. సాధారణముగా అన్నము, గేదెపాలు, ఆవుపాలు, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపవలెను. తల్లిపాలు నాలుగు గంటల ముందు. మంచినీరు రెండు గంటల ముందు. ఆసుపత్రివారు చెప్పిన గంటయే ప్రమాణము. అవసరమునకు మించి పస్తుంచుటయు మంచిది కాదు. పసిబిడ్డకు చక్కెర పడిపోవును.

ఇట్లు జరుగుచుండును: తెల్లవారుజామున బిడ్డ గుక్కపట్టి ఏడ్చును. తల్లి నిద్రలో నుండును. అమ్మమ్మ మనస్సు ఆగక నాలుగు చెంచాల పాలు పోయును. పిదప నర్సు వచ్చి అడిగినప్పుడు, అల్లుడేమనునో, డాక్టరు కోపపడునో యని, ఏమియు పట్టలేదమ్మా యని చెప్పును. ఆ ఒక్క మాట ఎన్ని యంత్రములను వృథా చేయగలదో అమ్మమ్మకు తెలియదు. నిజము చెప్పినచో జరుగునది ఇంతే: చికిత్స కొన్ని గంటలు ఆలస్యమగును, లేక వైద్యుడు వేరు జాగ్రత్త తీసికొనును. కోపపడినచో పడనిండు.

బిడ్డకు జలుబు, దగ్గు, జ్వరము ఉన్నచో దాచరాదు. నెలలు నిండక పుట్టినచో, ఎన్ని వారములకు పుట్టెనో చెప్పవలెను; అట్టి బిడ్డలకు మత్తు దిగిన పిదప ఊపిరి నడుమ నడుమ ఆగు స్వభావముండును, రాత్రియంతయు కనిపెట్టవలసియుండును. మూర్ఛలకు వాడు మందులను ఆ ఉదయము మానవలెనా, గుక్కెడు నీటితో వేయవలెనా యని వైద్యునే అడుగవలెను. తమంతట తాము మాన్పించుట మూర్ఛను పిలిచినట్లే. నాటుమందు, పసరు ఏది వేసినను చెప్పవలెను. వెన్నులో చీలికతో పుట్టి పలుమారులు చికిత్స జరిగిన బిడ్డలలో కొందరికి రబ్బరు సరిపడదు. బుడగ ఊదినప్పుడు పెదవులు వాచినట్లు ఇంటివారు చూచియున్నచో, అది వైద్యునికి మిక్కిలి విలువైన వార్త. రక్తసంబంధీకులలో ఎవరికైన మత్తులో చిక్కు వచ్చినచో అదియు చెప్పదగినదే. ఇవన్నియు ఒక కాగితముపై ముందే వ్రాసికొని పోవుట మేలు, ఏలయన ఆ ఉదయమున ఎవరికిని ఏదియు జ్ఞాపకముండదు.

మెదడు చికిత్స ముగిసినప్పుడు బిడ్డను గంటల తరబడి నిద్రలో నుంచుట కంటె, వీలైనంత త్వరగా మేల్కొలుపుటనే వైద్యులు కోరుదురు. మేల్కొన్న బిడ్డయే తన మెదడు స్థితిని తెలుపును. కనుపాపలు రెండును సమముగా నున్నవా, కాళ్లుచేతులు రెండు వైపుల కదలుచున్నవా, ఏడ్పు బలముగా నున్నదా యని చూతురు. అందుచేతనే నొప్పిమందును సైతము తూచి యిత్తురు; అతిగా మగతనిచ్చినచో, లోపల రక్తము కారుచున్నను ఆ మగత దానిని కప్పివేయును. బిడ్డ ఏడ్చుచున్నదని నర్సుతో తగవు పెట్టుకొను తండ్రికి ఈ సంగతి తెలిసియుండవలెను. చాల ఆసుపత్రులలో తల్లిని అప్పుడే లోనికి పిలుతురు. ఆమె గొంతు విని బిడ్డ తల త్రిప్పుటయు ఒక పరీక్షయే. తలలో నీటికై గొట్టము వేసిన బిడ్డ ఇంటికి వచ్చిన తరువాత ఎన్నడైన విడువక వాంతులు చేసికొనినను, మాడు ఉబ్బినను, లేపినను లేవని మగత కలిగినను, తెల్లవారనిమ్మని ఆగక ఆ రాత్రియే బండి కట్టించి ఆసుపత్రికి చేర్చవలెను. దారిలో పాలు పట్టరాదు.